నిరీక్షణ, సమాధానం: ఖాళీ సమాధి దగ్గర ఆడవాళ్లు

తెలుగు క్రైస్తవుల భాషలో ఆశకి నిరీక్షణ అని పేరు. శాంతికి సమాధానం అని పేరు. బైబిలు అనువాదంలో 'శాంతి' అన్న మాట అసలు లేదని కాదు. కానీ ప్రార్థనలో, పలకరింపులో, శవం పక్కన కూర్చుని ధైర్యం చెప్పేటప్పుడు వినపడేది మాత్రం సమాధానమే. చర్చి గోడ దాటి బయటికొస్తే ఈ రెండు మాటలకీ అర్థాలు మారిపోతాయి. నిరీక్షణ అంటే ఎదురుచూడడం. సమాధానం అంటే జవాబు. ఆశ పడమన్నచోట ఎదురుచూడమని, శాంతి ఇస్తానన్నచోట జవాబు ఇస్తానని వినిపించే భాష ఇది. క్రైస్తవ ఇంట్లో పుట్టి బయటి బడిలో తెలుగు చదువుకున్న ఆడపిల్లకి ఈ రెండు అర్థాలూ ఒకేసారి చెవిన పడతాయి. నాకూ పడ్డాయి.

ఇంకో సంగతి. సమాధానం, సమాధి ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. యాదృచ్ఛికం అని కొట్టిపారేయొచ్చు గానీ, పునరుత్థాన కథ చదివే విమర్శకురాలికి అది అంత తేలిగ్గా వదిలిపెట్టే విషయం కాదు. సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లకి సమాధానం దొరికిందా? దొరికితే అది జవాబా, ఊరడింపా? కష్టకాలంలో పునరుత్థానం ఆశనీ శాంతినీ ఇస్తుందని ప్రతి ఈస్టరు ప్రసంగంలోనూ వింటాం. ఆ మాటలో నిజమెంత, ఆ మాటతో మన నోరు మూయించే పని ఎంత అన్నది విడదీసి చూడాలనే ఈ వ్యాసం.

ముందు కథనే చూద్దాం. నాలుగు సువార్తల్లో ఎక్కడా పునరుత్థానం జరుగుతున్న దృశ్యం లేదు. క్రీస్తు పుట్టుక ఉంది, విచారణ ఉంది, శిలువ మీద చివరి గంటలు ఉన్నాయి. లేవడం మాత్రం ఎవరూ చూడలేదు. తెల్లవారుజామున ఆడవాళ్లు వెళ్లేసరికి అయిపోయింది. మెదక్ కెథడ్రల్ గుర్తు తెచ్చుకోండి. కరువు రోజుల్లో పనీ తిండీ లేని జనానికి కూలి దొరికేలా పోస్నెట్ కట్టించిన ఆ గుడి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. అందులోని మూడు పెద్ద రంగుటద్దాల కిటికీల మీద క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం ఉన్నాయి. మధ్యలో జరిగిన అసలు సంగతికి కిటికీ లేదు. బొమ్మ గీయడానికి వీలులేని ఆ చోటు నిండా ఉన్నది ఆడవాళ్ల మాటే. వాళ్లు వచ్చి చెప్పారు. అంతకంటే మరో సాక్ష్యం లేదు.

వాళ్లు ఎందుకు వెళ్లారో కూడా చూడాలి. అద్భుతం చూడ్డానికి కాదు. విశ్రాంతి దినం అడ్డొచ్చి, శవానికి చేయాల్సిన పని మిగిలిపోయింది. సుగంధద్రవ్యాలు పట్టుకుని, ఆ మిగిలిన చాకిరీ పూర్తిచేయడానికి బయల్దేరారు. మార్కు సువార్తలో వాళ్లు దారిలో మాట్లాడుకునేది దేవుడి గురించి కాదు, సమాధికి అడ్డంగా ఉన్న రాయిని ఎవరు దొర్లించిపెడతారన్న దాని గురించి. ఈ ఒక్క ఆలోచన కోసం నాకు మార్కు అంటే ఇష్టం. ఇంట్లో చావు జరిగినప్పుడు మగవాళ్లు వేదాంతం మాట్లాడుకుంటుంటే నీళ్లెవరు కాస్తారు, గుడ్డ ఎక్కడుంది, పిల్లలకి అన్నం ఎవరు పెడతారు అని లెక్కలు వేసుకునే ఆడవాళ్ల గొంతు అది.

యోహాను కథ ఇంకాస్త వివరంగా ఉంటుంది. పేతురు, మరో శిష్యుడు పరుగెత్తుకొచ్చారు, లోపలికి తొంగిచూశారు, నారబట్టలు చూశారు, ఇంటికి వెళ్లిపోయారు. మగ్దలేనే మరియ అక్కడే నిలబడి ఏడ్చింది. ఎదురుగా వచ్చినవాణ్ణి తోటమాలి అనుకుంది. అతను ఆమెని పేరుపెట్టి పిలిచాకే గుర్తుపట్టింది. సిద్ధాంతం ఏదీ ఇంకా పుట్టకముందు పునరుత్థానం అంటే ఇంతే: ఏడుస్తున్న ఒక స్త్రీని ఎవరో ఆమె సొంత పేరుతో పిలవడం. ఫలానావాడి భార్య అనో, ఫలానావాడి తల్లి అనో కాదు. మన ఊళ్లలో సగంమంది ఆడవాళ్లకి పెళ్లయ్యాక పేరు పెట్టి పిలిచే దిక్కే ఉండదు.

మరి ఆమె చెప్పిన మాటకి దక్కిన విలువ ఎంత? లూకా దాచకుండా రాశాడు. ఆడవాళ్లు చెప్పినది శిష్యులకి వెర్రిమాటల్లా అనిపించింది, నమ్మలేదు. ఆ తర్వాత జరిగినది ఇంకా ఆసక్తికరం. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో, లేచిన క్రీస్తు ఎవరెవరికి కనిపించాడో వరుసగా చెబుతాడు. కేఫా ఉన్నాడు, పన్నెండుమంది ఉన్నారు, ఐదువందల మందికి పైగా సహోదరులు ఉన్నారు, యాకోబు ఉన్నాడు, చివరికి తానూ ఉన్నాడు. మరియ పేరు లేదు. సలోమే లేదు. యోహన్న లేదు. ఒక్క అధ్యాయం వెనక్కి తిప్పితే, స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న వాక్యాలు. ఆ వాక్యాలు పౌలువి కావని, తర్వాత చేరాయని కొందరు పండితుల వాదన. కావచ్చు. కానీ మన చర్చిల్లో ఆడవాళ్లకి వినిపించేటప్పుడు ఆ వాదన ఎవరూ వినిపించరు.

మరియ మీద ఇంకో దెబ్బ 591లో పడింది. పోపు గ్రెగరీ తన ప్రసంగంలో ఆమెని, లూకా సువార్తలో క్రీస్తు పాదాలు కన్నీళ్లతో కడిగిన పేరులేని 'పాపాత్మురాలి'తో కలిపేశాడు. మొదటి సాక్షి పశ్చాత్తాపపడ్డ వేశ్యగా మారిపోయింది. పశ్చిమ చర్చి ఆ ముడిని విప్పడం 1969లో పండుగల పట్టికని సవరించినప్పుడు మొదలైంది. 2016లో గానీ ఆమె స్మరణ దినం అపొస్తలుల పండుగలతో సమానం కాలేదు. పద్నాలుగు వందల ఏళ్లకి పైగా. స్త్రీవాద పండితురాలు ఎలిజబెత్ షూస్లర్ ఫియోరెంజా 1983లో రాసిన పుస్తకానికి 'ఇన్ మెమరీ ఆఫ్ హర్' అని పేరు పెట్టింది. ఆమె నేర్పిన చదివే పద్ధతి నాకు పనికొచ్చింది: గ్రంథం ఏం చెప్పింది అనే కాదు, ఎవరిని చెప్పనివ్వలేదు అని కూడా అడగాలి. తెలుగులో మనం పురాణాలతో చేసిన పని అదే. ఓల్గా సీత చుట్టూ చేసింది అదే. బైబిలుతో మాత్రం చాలా తక్కువగా చేశాం. స్త్రీవాద విమర్శకులకి క్రైస్తవం దళితుల విషయంగా, దళిత విమర్శకులకి మరియ ఆడవాళ్ల విషయంగా కనిపించడం వల్ల కావచ్చు.

ఇప్పుడు ఆ రెండు మాటల దగ్గరికి వద్దాం. సమాధానం అనే నామవాచకానికి ఒక క్రియ ఉంది: సమాధానపడు. తాగి కొట్టే మొగుడి గురించి చెప్పుకోడానికి వచ్చిన ఆడమనిషితో పెద్దలు 'జెర సమాధానపడు బిడ్డా' అంటారు. అంటే జవాబు అడగడం మానెయ్యమని. నిరీక్షణ కూడా అంతే. ఓర్చుకో, శిలువ మొయ్యి, ఆదివారం వస్తుంది అంటారు. ఆ ఆదివారం ఎప్పుడూ వచ్చేవారమే. ఈ వాడకంలో పునరుత్థానం ఆశ కాదు, వాయిదా. ఆడవాళ్లకి చెప్పే శిలువ ప్రసంగాల్లో శిలువ వేసినవాడి ప్రస్తావన ఎందుకు ఉండదో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

మేముండేది హిమాయత్ సాగర్ కట్టకి దగ్గర్లో. ఇక్కణ్ణుంచి శంషాబాద్ ఎంతో దూరం లేదు. 2019 నవంబరులో అక్కడి టోల్‌గేటు దగ్గర ఒక యువ వైద్యురాలిని ఏం చేశారో, ఆమె దేహం ఎక్కడ కాలి దొరికిందో పాఠకులకి చెప్పనక్కరలేదు. డిసెంబరు 6న నిందితులు నలుగుర్నీ పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సమాధానం దొరికిందన్నారు. ఇక్కడి స్త్రీల సంఘాలు కొన్ని ఆ పూలజల్లుకి ఎదురు నిలబడి కోర్టుకి వెళ్లాయి. 2022లో సిర్పుర్కర్ కమిషన్ ఆ ఎన్‌కౌంటర్ కథనం నమ్మదగింది కాదని తేల్చింది. చావుకి చావే జవాబు అన్నచోట ఆడవాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ అలాగే మిగిలిపోయాయి: చీకటి పడ్డాక రోడ్డు మీద భద్రత, తప్పిపోయిందని చెప్పగానే కదిలే పోలీసు. జవాబులా కనిపించే మౌనం అది. ఖాళీ సమాధి కథలో నాకు నచ్చేది, అక్కడ ఎవరి మీదా పగ తీరలేదు. లేచినవాడు పిలాతు ఇంటికి వెళ్లలేదు. తలుపులు మూసుకుని భయంతో కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, మీకు సమాధానం అన్నాడు, చేతులకున్న గాయాలు చూపించాడు. గాయం మాయం కాలేదు. దాన్ని చూపించకుండా ఇచ్చే సమాధానాన్ని నేను నమ్మను.

తెలుగు సాహిత్యంలో ఈ కథ ఎలా బతికింది? పెద్ద ఉదాహరణ జాషువా. 1958లో వచ్చిన 'క్రీస్తు చరిత్ర'కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అయినా మన తరగతి గదుల్లో జాషువా అంటే 'గబ్బిలం', కాస్త 'ఫిరదౌసి'. 'క్రీస్తు చరిత్ర'ని మతకావ్యం అని పక్కనపెట్టాం. నేను చదివినంతలో, మాట్లాడినవాళ్లు కూడా కరుణ దగ్గర, శిలువ దగ్గర ఆగారు. దుఃఖించే దళిత కవి మనకి సౌకర్యంగా ఉంటాడు, లేచి నిలబడేవాడు ఇబ్బంది పెడతాడు. 'గబ్బిలం' నిజానికి నిరీక్షణ కావ్యం. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలోకి వెళ్లగలిగే పిట్టతో శివుడికి కబురు పంపుతాడు. జవాబు కోసం ఎదురుచూస్తాడు. మాట మోసుకెళ్లేది అందరూ అశుభం అనుకునే ప్రాణి. ఖాళీ సమాధి నుంచి మాట మోసుకెళ్లినవాళ్లని కూడా ఎవరూ సాక్షులుగా లెక్కపెట్టలేదు. ఈ పోలికని సాగదీయను, కానీ రెండు కావ్యాలనీ పక్కపక్కన పెట్టి చదవాల్సిన పని ఇంకా మిగిలే ఉందని మాత్రం అంటాను.

జాషువా కూతురు హేమలతా లవణం దేవుణ్ణి నమ్మలేదు. గోరా కొడుకు లవణంని పెళ్లాడి నాస్తికుల ఇంటికి వెళ్లింది. స్టువర్టుపురంలో నేరస్థులని ముద్ర వేసిన కుటుంబాల మధ్య పనిచేసింది. నిజామాబాద్ జిల్లాలో 'సంస్కార్' ద్వారా జోగినుల మధ్య పనిచేసింది. జోగిని అంటే ఊరి దేవుడికి పెళ్లి చేసిన దళిత పిల్ల. ఊళ్లో చావు జరిగితే శవం ముందు ఆమె ఆడాలి. దేవుడి పెళ్లాం కాబట్టి ముత్తైదువే, కానీ ఊళ్లో ఏ మగవాడికైనా అందుబాటులో ఉండాల్సిన మనిషి. హేమలత వాళ్లకి పెళ్లిళ్లు చేయించింది, బతుకుదెరువు చూపించింది, పిల్లల్ని బడికి పంపింది. 1988లో దేవదాసీ నిషేధ చట్టం వెనక ఆమె లాంటివాళ్ల ఒత్తిడి ఉంది. 2008లో ఆమె చనిపోయింది. తండ్రి పునరుత్థానాన్ని పద్యంలో రాశాడు, నమ్మకం లేని కూతురు శవాల ముందు ఆడే ఆడవాళ్లని అక్కణ్ణుంచి లేపింది. ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కువ క్రైస్తవులు అన్నది నా ప్రశ్న కాదు. నిరీక్షణ అనే మాటలోంచి ఎదురుచూపుని తీసేస్తే ఏం మిగులుతుందో హేమలత జీవితంలో కనిపిస్తుంది.

ఒంగోలు మిషనులో పనిచేసిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అనే ఆవిడని కూడా ఇక్కడ తలుచుకోవాలి. 1898లో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద ఆమె పరిశోధన పుస్తకంగా వచ్చింది. మరుసటి ఏడాదే ఒంగోలు ప్రాంతపు మాదిగల గురించి 'వైల్ సూయింగ్ సాండల్స్' వచ్చింది. స్త్రీల హక్కుల మీద తొలి పుస్తకాల్లో ఒకటి రాసినావిడని చదివిన మనిషే మాదిగవాడల కథలూ రాసుకుంది. ఆమెది మిషనరీ చూపే, యజమాని చూపు కూడా. దానిమీద విమర్శ వేరే రాయాలి. ఆ వాడల్లో ఇంటింటికీ తిరిగి చదివి వినిపించిన తెలుగు బైబిల్ స్త్రీల గురించి జేమ్స్ తానేటి 2013లో పుస్తకం రాసేదాకా వాళ్లకి మన సాహిత్య చరిత్రలో చోటే లేదు. మాట మోసుకెళ్లే ఆడవాళ్లు పట్టికలో కనపడకపోవడం పౌలుతో మొదలై ఆగలేదన్నమాట. ఆంధ్ర, తెలంగాణ చర్చిల్లో మరియకి వారసురాళ్లు ఎప్పుడూ ఉన్నారు. సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్‌గా పుష్పలలిత నంద్యాల డయోసిస్ బాధ్యత తీసుకున్నది మాత్రం 2013లో.

మన కాలపు రచయిత్రుల్లో ఎం.ఎం. వినోదిని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని తీసుకుని అందులో కూతుర్ని నిలబెట్టింది. లూకాలో ఆ తండ్రి, చనిపోయిన నా కొడుకు మళ్లీ బతికాడని పండగ చేస్తాడు. అదీ ఒక పునరుత్థానమే. కొడుకు స్థానంలో దళిత క్రైస్తవ కూతురు వస్తే కథంతా మారిపోతుంది. ఆమె తప్పిపోయేది ఆస్తి తగలేసి కాదు, అగ్రవర్ణపు ఇంటి అందం చూసి తన ఇంటిని తక్కువ చేసుకోవడంలో. గోగు శ్యామల 2003లో సంకలనం చేసిన 'నల్లపొద్దు' చదివినా, చల్లపల్లి స్వరూపరాణి కవిత్వం చదివినా, చర్చి ఆశ్రయంగానూ కులం వదలని చోటుగానూ కలిసే కనిపిస్తుంది. దీనికి చట్టం కూడా తోడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకి షెడ్యూల్డు కులం హోదా లేదు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఇచ్చారు. బాప్తిస్మపు పేరు ఒకటి, సర్టిఫికెట్ మీద పేరు ఒకటి. మరియని పేరుపెట్టి పిలిచిన కథ చదివేటప్పుడు ఏ పేరుతో అన్న ప్రశ్న మన దగ్గర వట్టి అలంకారం కాదు.

ఇక్కడ నేనుండే నీళ్ల ఒడ్డు గురించి కాస్త చెప్పాలి. హిమాయత్ సాగర్ 1908 మూసీ వరదకి పుట్టిన చెరువు. ఆ ఏడాది సెప్టెంబరు 28న (జాషువా పుట్టినరోజు కూడా అదే తేదీ, అప్పటికి ఆయనకి పదమూడేళ్లు నిండాయి) వేలమంది చనిపోయారు. మళ్లీ అలా జరక్కుండా విశ్వేశ్వరయ్య సలహాతో ముందు ఉస్మాన్ సాగర్, తర్వాత 1927లో ఈసీ నది మీద ఈ జలాశయం కట్టారు. ఆ వరదలో తల్లినీ, భార్యనీ, కూతుర్నీ పోగొట్టుకున్న కవి అమ్జద్ హైదరాబాదీ. ఆయన ఆ రాత్రి మీద రాసిన కవిత పేరు 'ఖయామతె సుఘ్రా'. చిన్న ప్రళయం అని అర్థం చెబుతారు. కానీ ఖయామత్ అంటే మొదటి అర్థం లేవడం, లేచి నిలబడడం. యెరూషలేములో క్రీస్తు సమాధి మీద కట్టిన చర్చిని అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు ఖియామా చర్చి అనే పిలుస్తారు. మన హైదరాబాదు ఉర్దూలో మాత్రం ఆ మాట వింటే గుండె జారుతుంది. ఒకే మాట ఒకచోట ఈస్టరు, ఇంకోచోట విలయం.

ఆ మూడు శవాల గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తాను. తల్లి, భార్య, కూతురు. మరియ, మరియ, సలోమే. ఇక్కడ సమాధి దగ్గర ఏడ్చినవాడు మగవాడు, నీళ్లలో పోయినవాళ్లు ఆడవాళ్లు. ఆయన మిగిలిన జీవితమంతా రుబాయీలు రాశాడు. వేరే మతం, వేరే భాష, కానీ నా ఊరి నీటికి సంబంధించిన కవి. పునరుత్థానం క్రైస్తవుల సొత్తు అనుకునేవాళ్లకి ఈ మాట ప్రయాణం చూపించాలనిపిస్తుంది.

2021 మే నెలలో అమ్మ పోయింది. కోవిడ్. ఆమె విశ్వాసి. నేను పండగలకి మాత్రం చర్చికి వెళ్లే రకం. ఊళ్లో ఎవరు పోయినా స్నానం చేయించడానికి ముందు వెళ్లేది అమ్మే. ఆమెకి స్నానం చేయించడానికి మమ్మల్ని రానివ్వలేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన దేహాన్ని దూరం నుంచి చూపించారు, అదీ కాసేపే. చాలామంది పాఠకులకి ఇది సొంత కథే కాబట్టి ఎక్కువ రాయను. విమర్శకురాలిగా ఒక్కటి మాత్రం చెబుతాను. ఎన్నిసార్లు చదివానో లెక్కలేని ఆ పాఠంలో సుగంధద్రవ్యాలు అనే మాట ఆ తర్వాత నాకు వేరుగా కనిపించింది. ఆ ఆడవాళ్లు తెచ్చినవి వాడనే లేదు. చేయాల్సిన పని చేయకుండానే వెనక్కి రావాల్సొచ్చింది. కథ ప్రకారం కారణం వేరు, ఆనందకరమైనది. కానీ మూట విప్పకుండా ఇంటికి తెచ్చుకున్న ఆ చేతుల గురించి ఏ వ్యాఖ్యాతా రాయలేదెందుకని నాకు కోపం వచ్చింది. ఆ కోపం వచ్చిన రోజే ఆ కథ నాకు దగ్గరైంది. నాకు దొరికిన ఊరట అదే, పూర్తయిన జవాబు కాదు.

మరుసటి ఏడు ఏప్రిల్ 17న ఈస్టరు. చీకటి ఉండగానే సమాధుల తోటకి వెళ్లాం. సున్నాలు అంతకు ముందురోజే వేశారు, ఎక్కువగా ఆడవాళ్లే. బకెట్లు, పాత చీరపేలికలు, బంతిపూలు, కొవ్వొత్తులు. పక్క సమాధి కడుగుతున్న ఒకావిడ తన ముగ్గురి పేర్లూ చెప్పి, మా అమ్మ పేరు అడిగింది. పాస్టరుగారు వచ్చేసరికి తెల్లారింది. అప్పటికి పని అయిపోయింది. ప్రసంగం నాకు గుర్తులేదు. ఆ గంటసేపట్లో ఎవరూ ఎవర్నీ సమాధానపడమనలేదు. పేర్లు చెప్పుకున్నారు, అంతే.

మార్కు సువార్త అతి పాత ప్రతుల్లో 16వ అధ్యాయం 8వ వచనం దగ్గర ఆగిపోతుంది. ఆడవాళ్లు వణుకుతూ పారిపోయారు, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు అన్నచోట. ఇలా ముగించడం బాగోదని తర్వాతివాళ్లు శుభం పలికే వచనాలు చేర్చారు. మన రచయిత్రుల కథలకి సంపాదకులు ముగింపులు సవరించినట్టే. నాకు ఆ మొదటి ముగింపే ఇష్టం. అందులో ఆశ ఉన్నట్టు కనిపించదు. కానీ ఎవరితోనూ చెప్పలేదని రాసినవాడికి ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు కదా. ఎప్పుడు చెప్పారో, ఎన్నాళ్లు దాచుకున్నాక చెప్పారో, ముగ్గురిలో ఎవరు ముందు నోరు విప్పారో మార్కు రాయలేదు.